అర్జునుడి గుడి పక్కన ఆలుగడ్డ చేను

(జిల్లా గ్రంథాలయంలో ఒక ఆదివారం సాయంత్రం ఇచ్చిన ప్రసంగానికి రాతరూపం. మాట్లాడినది మాట్లాడినట్టే ఉంచాం, మధ్యలో మైకు పోయినప్పటి మాటలు మాత్రం తీసేశాం.)

అందరికీ నమస్కారం. బయట గోడకు అంటించిన కాగితం చూశాను. "జావాలో పాండవుల గుళ్లు" అని రాశారు. దానికోసమే వచ్చినవాళ్లుంటే ముందే క్షమించమంటున్నాను. గుళ్ల గురించి చెప్తాను. కాకపోతే నేను వ్యవసాయ శాఖలో ఉద్యోగం చేసి రిటైరైనవాణ్ణి. నన్ను ఏ క్షేత్రానికి తీసుకెళ్లినా కళ్లు శిఖరం మీదికి పోవు, పక్క చేలోకి పోతాయి. మా ఆవిడ కాశీలో కూడా ఇదే మాటన్నది. (నవ్వులు)

ఆ ఊరి పేరు దియెంగ్ కులోన్. ఇండోనేషియాలో జావా దీవి మధ్యభాగంలో, సముద్రమట్టానికి దాదాపు 2,000 మీటర్ల ఎత్తున, కొండల నడుమ పళ్లెంలా ఉన్న ఒక మైదానంలో ఉంది. జావా భాషలో కులోన్ అంటే పడమర, వేతాన్ అంటే తూర్పు. పడమటి దియెంగ్ బంజర్‌నెగర జిల్లాలోకి వస్తుంది, తూర్పు దియెంగ్ వొనొసోబో జిల్లాలోకి. హద్దు ఊరి మధ్య నుంచే పోతుంది. రోడ్డుకి ఇటు టీ తాగి అటు బజ్జీ తింటే జిల్లా మారిపోయినట్టే. మన సరిహద్దు ఊళ్లవాళ్లకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. రోడ్డు బాగుచేయాల్సి వస్తే మీదంటే మీదని రెండు జిల్లాలూ ఎంత చక్కగా వాదించుకోగలవో ఊహించుకోండి.

అసలు అంత ఎత్తుకి ఎక్కి జనం ఎందుకు వ్యవసాయం చేస్తున్నారు? ఒక లెక్క చెప్తాను. జావా వైశాల్యం సుమారు 1.3 లక్షల చదరపు కిలోమీటర్లు. ఒక్క ఆంధ్రప్రదేశే 1.6 లక్షలు దాటుతుంది. అంటే మనకంటే చిన్నది. ఆ కాస్త నేల మీద 2020 జనాభా లెక్కల ప్రకారం 15 కోట్ల మంది ఉన్నారు. మన రెండు రాష్ట్రాల జనాన్నీ తెచ్చి ఒక్క ఆంధ్రలో సర్దినా ఆ ఇరుకు రాదు. కింద పల్లంలో వరి పండే ప్రతి గజమూ ఎప్పుడో నిండిపోయింది. మిగిలింది పైకి ఎక్కడమే. అగ్నిపర్వతాల బూడిదతో తయారైన నల్లటి నేల, పిసికితే చేతికి మెత్తగా తగులుతుంది. ఆ నేల ఆశ పెట్టి పైకి లాగుతుంది. ఈ ఆశ సంగతికి మళ్లీ వస్తాను.

వొనొసోబో పట్టణం నుంచి 26 కిలోమీటర్లు కొండదారి. చిన్న బస్సులో వెళ్లాను. పైన మనుషులకంటే బస్తాలే ఎక్కువ. మలుపు తిరిగినప్పుడల్లా ఒక వాసన తగులుతుంది. మొదట గంధకం అనుకున్నాను. పొగలు కక్కే గుంటలున్న ప్రాంతం కదా, గంధకం వాసన కూడా ఉంటుంది. కానీ ఇది ఆ వాసన కాదు. నేను గుర్తుపట్టగలిగిన వాసనే. కోళ్లఎరువు. రోడ్డు పక్కన బస్తాలకు బస్తాలు పేర్చి ఉన్నాయి. దేవతల నివాసంలోకి నాకు దక్కిన స్వాగతం అది.

దేవతల నివాసం అని ఊరికే అనలేదు. దియెంగ్ అనే పేరు "ది హ్యాంగ్" నుంచి వచ్చిందంటారు. హ్యాంగ్ అంటే దైవం, దివ్యశక్తి. తమాషా ఏమిటంటే ఆ మాట ఈనాటికీ బతికే ఉంది. ఊళ్లో దాదాపు అందరూ ముస్లింలు. వాళ్లు చేసే నమాజును వాడుకలో "సెంబహ్యాంగ్" అని కూడా అంటారు. హ్యాంగ్‌కి చేసే సెంబా, అంటే నమస్కారం. మతం మారినా మాట మారలేదు.

ఇప్పుడు గుళ్లు. నిలబడి ఉన్నవి ఎనిమిది. ఐదు ఒకచోట గుంపుగా ఉంటాయి: అర్జున, సెమార్, శ్రీకాంది, పుంతదేవ, సెంబద్ర. విడిగా గటోత్కచ, ద్వారవతి, ఇంకా దూరంగా బీమ. ఈ పేర్లు గుళ్లు కట్టిననాటివి కావు. కట్టినప్పటి పేర్లు మరుగునపడ్డాక జనం తమకు తెలిసిన కథల్లోంచి పెట్టుకున్నవి. అసలివి శివాలయాలు, సుమారు పన్నెండు శతాబ్దాల కిందటివి. అక్కడ దొరికిన ఒక శాసనం మీద శక సంవత్సరం 731 అని ఉంది, అంటే క్రీస్తుశకం 809. తేదీ ఉన్న పాత జావా భాషా శాసనాల్లో తొలినాటి వాటిలో ఇదొకటి. ఆ లిపి పల్లవుల లిపి నుంచి పుట్టింది. మన తెలుగు లిపికీ దానికీ తాతముత్తాతలు ఒకరే. మ్యూజియంలో ఆ రాళ్ల ముందు నిలబడి ఒకటి రెండు అక్షరాలు చదవబోయి భంగపడ్డాను. మొహం చుట్టాలదే, పేరు గుర్తురాలేదు.

గుళ్లు పెద్దవనుకోకండి. మన ఊరి శివాలయం గర్భగుడి అంత. నలుగురు లోపలికి వెళితే ఐదోవాడు బయట నిలబడాలి. శ్రీకాంది గుడి బయటి గోడల మీద బ్రహ్మ, విష్ణువు, శివుడు ముగ్గురూ ఉన్నారు. బీమ గుడిది వేరే తీరు. పైన అంతస్తుల్లో చిన్న చిన్న గూళ్లు, ప్రతి గూట్లోంచీ ఒక తల బయటికి చూస్తూ ఉంటుంది. పొగమంచులో సాయంత్రం పూట ఒంటరిగా చూస్తే, మేడ కిటికీల్లోంచి జనం మనల్ని గమనిస్తున్నట్టుంటుంది. నాకు ఎనిమిదిలో అదే నచ్చింది.

ఇక పేర్ల దగ్గర మన భారతం పట్టుకెళ్లి వాళ్లతో వాదనకు దిగితే ఓడిపోతారు. నేను ఓడిపోయాను. వాళ్ల శ్రీకాంది మన శిఖండే, కానీ అక్కడ ఆవిడ స్త్రీ. విల్లు పట్టిన వీరనారి, పైగా అర్జునుడి భార్య. సెంబద్ర అంటే సుభద్ర. పుంతదేవ అంటే ధర్మరాజు. ద్రౌపదికి భర్త ఆయనొక్కడే! ఐదుగురు భర్తలన్న మాట నేను ఎత్తితే నేను బస చేసిన ఇంటావిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మన దేశం పరువు తీశానేమోనని కాసేపు కంగారుపడ్డాను. (నవ్వులు) సెమార్ అయితే మన భారతంలో వెతికినా దొరకడు. పాండవుల దగ్గర సేవకుడు, విదూషకుడు, నిజానికి వేషం మార్చుకున్న దేవుడు. తోలుబొమ్మలాటలో మన బంగారక్క, కేతిగాళ్లలాగా నవ్విస్తాడు. కానీ యజమానికి బుద్ధి చెప్పే హక్కు కూడా ఆయనకే ఉంది. ఆయన గుడి అర్జునుడి గుడికి సరిగ్గా ఎదురుగా ఉంటుంది. సేవకుడికి యజమాని ముఖాముఖి!

ఈ మైదానం ఒకప్పుడు ఊబిలా, చెరువులా ఉండేది. జావాని బ్రిటిష్‌వాళ్లు కొన్నాళ్లు ఏలిన రోజుల్లో, 1814లో, సర్వేకి వచ్చినవాళ్లు చూసేసరికి గుళ్లు నీళ్లలో నిలబడి ఉన్నాయట. పందొమ్మిదో శతాబ్దం మధ్యలో డచ్చివాళ్లు ఆ నీళ్లు బయటికి తీశారు. కానీ గుళ్లు కట్టినవాళ్లే నీళ్లు పోవడానికి నేల కింద ఒక సొరంగం తవ్వి పెట్టుకున్నారు. దానికి జనం పెట్టిన పేరు "గాంగ్సిరాన్ అశ్వతామ". అశ్వత్థామ కన్నం అనుకోండి. యుద్ధం ముగిశాక రాత్రిపూట పాండవుల శిబిరంలోకి దొంగతనంగా వెళ్లి నిద్రపోతున్నవాళ్లను చంపాడు కదా, జావా కథలో అతను భూమిలో సొరంగం తవ్వుకుని వెళతాడు. పొలంలో మురుగునీటి కాలవ కనిపిస్తే దానికి అశ్వత్థామ పేరు పెట్టిన రైతులకు నేను దణ్ణం పెట్టాను. మన శాఖలో అయితే దానికి "డ్రైన్ నంబర్ 4" అని పేరు పెట్టేవాళ్లం.

నీళ్ల మాట వచ్చింది గనక ఇంకొకటి. సెరాయు నది అక్కడే పుడుతుంది. ఊటకి "తుక్ బీమ లుకార్" అని పేరు. భీముడు బట్టలు విప్పిన ఊట. ఆ కథ పూర్తిగా చెప్పడానికి ముందు వరసలో పిల్లలున్నారు. నది పేరు వినగానే మనకి అయోధ్య సరయువు గుర్తొస్తుంది. వాళ్లేమో "సిర అయు", అంటే "నువ్వు అందగత్తెవి" అన్న మాట నుంచి వచ్చిందంటారు. ఆ నీళ్లతో మొహం కడుక్కుంటే వయసు తగ్గుతుందట. నేను రెండుసార్లు కడుక్కున్నాను. మీరే చెప్పాలి.

సరే, ఇక చేలోకి దిగుదాం.

దియెంగ్‌లో వరి పండదు, చలి ఎక్కువ. పూర్వం మొక్కజొన్న, పొగాకు, క్యాబేజీ వేసేవాళ్లు. 1980ల నుంచి బంగాళాదుంప వచ్చి అన్నిటినీ తోసేసింది. వాళ్ల భాషలో "కెంతాంగ్". మా శాఖ కాగితాల్లో బంగాళాదుంప, మా అమ్మ నోట ఆలుగడ్డ, ఈ రోజు రెండూ వస్తాయి, సర్దుకోండి. ఏడాదికి రెండు, ఒక్కోసారి మూడు పంటలు. మంచి ధర పలికిన రోజుల్లో ఒక్క పంటతో ఇల్లు కట్టినవాళ్లున్నారు, హజ్‌కి వెళ్లొచ్చినవాళ్లున్నారు. మసీదు మినార్లు పెరిగాయి. మన గుంటూరు మిర్చి రైతులకు బాగా తెలిసిన రోజులు అవి. ఆ తరవాతి రోజులు కూడా వాళ్లకే తెలుసు.

నేను ఆగస్టులో వెళ్లాను. అర్జున గుడి గుంపు బయటికి నాలుగడుగులు వేస్తే చేలు మొదలవుతాయి. ఆ చేలు కొండల మీదికి, ఇంకా పైకి, నిచ్చెన వేసుకుని ఎక్కాలేమో అనిపించే వాలు మీదికి కూడా పోతాయి. చెట్టనేది శిఖరం కొసన జుట్టు ముడిలాగా మిగిలింది. ఆ వాలులో నా కళ్లు ఒకచోట ఆగాయి. సాళ్లు. అడ్డంగా ఉండాల్సిన సాళ్లు నిలువుగా ఉన్నాయి. పైనుంచి కిందికి, జారుడుబల్లలా. వాలు నేలలో సాలు అడ్డంగా దున్నాలని ముప్పై ఏళ్లు రైతులకు చెప్పి జీతం తీసుకున్నవాణ్ణి నేను. నాకు ఒళ్లు మండింది. నాకు దారి చూపిస్తున్న రైతుతో, అరవై దాటిన మనిషి, నేను ఆయన్ని "పాక్" అని పిలిచేవాణ్ణి, అంటే అయ్యగారూ అన్నట్టు, వచ్చీరాని మాటలతో సైగలతో అడిగాను. ఇలా దున్నితే మట్టంతా కిందికి పోదా?

ఆయన నవ్వాడు. వంగి ఒక మొక్క పీకి దుంప చూపించి, నీళ్లు నిలిస్తే ఇది కుళ్లిపోతుంది అన్నాడు. అంతే. అడ్డంగా దున్నితే సాలులో నీళ్లు నిలుస్తాయి. అక్కడ వాన మామూలు వాన కాదు. దుంపకి తడి పట్టిందంటే తెగులు, తెగులు తగిలిందంటే అప్పు. మట్టి పోవడం పదేళ్లకి కనిపించే నష్టం, దుంప కుళ్లడం పది రోజుల్లో కనిపించే నష్టం. పైగా ఆయన దున్నేదాంట్లో సగం కౌలు. పదేళ్ల తరవాత ఆ నేల ఆయనది కాకపోవచ్చు. నా దగ్గర సమాధానం లేదు. రిటైరయ్యాక కూడా ఇలాంటి క్లాసులు జరుగుతాయన్నమాట.

అయితే ఆ మట్టి ఎక్కడికి పోతుంది? సెరాయులోకి. అందగత్తె నది వానాకాలంలో కాఫీ రంగులో ఉంటుంది. కింద బంజర్‌నెగర దగ్గర 1980ల చివర కట్టిన పెద్ద ఆనకట్ట ఉంది. జనం దాన్ని మ్రిచ ఆనకట్ట అంటారు. మ్రిచ అంటే మిరియం, మన మరీచమే. 180 మెగావాట్ల జలవిద్యుత్ కేంద్రం. నీళ్లు నిలవాల్సిన జాగాలో చాలా భాగం ఇప్పుడు ఒండ్రుతో నిండిపోయింది. పైన గుడి పక్కన పీకిన ఆలుగడ్డకీ కింద పట్నంలో వెలిగే బల్బుకీ మధ్య ఉన్న చుట్టరికం అది. పై ఊళ్లో దున్నేవాడికి ఆ బల్బు కనపడదు, కింద బల్బు వేసుకునేవాడికి చేను కనపడదు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి, లేకపోతే తప్పంతా రైతు మీద పడుతుంది. 1998లో ఇండోనేషియా అధ్యక్షుడు సుహార్తో గద్దె దిగాక దేశమంతా కొన్నాళ్లు గందరగోళం. జావా అంతటా ప్రభుత్వ అడవులు నరికేశారు. అప్పుడు పోయిన చెట్ల జాగాలో చేలు వచ్చాయి. ఆ పక్కనే సెంబుంగాన్ అని ఇంకో ఊరు, దాదాపు 2,300 మీటర్ల ఎత్తు, జావాలో అన్నిటికంటే ఎత్తున ఉన్న ఊరని బోర్డు పెట్టుకున్నారు. అక్కడి చెరువు పేరు చెబోంగ్, అంటే తోకకప్ప. ఎండాకాలంలో దాని చుట్టూ మోటార్లు వరసగా పెట్టి పైపులతో కొండమీదికి నీళ్లు ఎక్కిస్తారు. రాత్రంతా ఆ చప్పుడు. తోకకప్ప ఏటేటా చిక్కిపోతోంది. తెల్లవారుజామున టూరిస్టులు ఆ చెరువు పక్కనుంచే సికునిర్ కొండెక్కి సూర్యోదయం చూస్తారు. నేనూ ఎక్కాను, బాగుంది. అంతకంటే దాని గురించి చెప్పను, ఫొటోలు ఫోన్లో కావలసినన్ని దొరుకుతాయి.

చేల గట్ల మీద ఒక చెట్టు కనిపించింది, మన బొప్పాయి మరుగుజ్జయినట్టు. పేరు కారిక. కొండ బొప్పాయి, దక్షిణ అమెరికా ఆండీస్ కొండల నుంచి వచ్చిన జాతి. పచ్చిగా తింటే దాని పాలు తగిలి నోరు దురద పెడుతుంది. అందుకని పంచదార పాకంలో వేసి సీసాల్లో అమ్ముతారు, ఆడవాళ్ల చేతిలో ఉన్న వ్యాపారం. వేళ్లతో గట్టును పట్టుకుంటుంది, పైగా డబ్బిస్తుంది. నా సలహా ఎవరూ అడగలేదు గానీ అడిగి ఉంటే గట్టుగట్టుకీ అదే పెట్టమనేవాణ్ణి. పుర్వచెంగ్ అని ఇంకో మొక్క ఉంది, దాని వేరు కలిపిన కాఫీ మగవాళ్లకి మంచిదని దుకాణదారు నన్ను పక్కకి పిలిచి రహస్యంగా చెప్పాడు. నా వయసు చూసి జాలిపడ్డాడేమో. (నవ్వులు)

తిండి సంగతి త్వరగా చెప్పేస్తాను, మీకు ఆకలేస్తుంది. తెంపె కెముల్ అని ఒక బజ్జీ. సోయా గింజల్ని పులియబెట్టి అచ్చుకట్టేది తెంపె. దాన్ని పల్చగా కోసి పిండిలో ముంచి వేయిస్తారు. కెముల్ అంటే దుప్పటి. ఆ చలిలో బజ్జీకి కూడా దుప్పటి కప్పారు. మనుషులు లుంగీని నడుముకి కాకుండా భుజాలకి చుట్టుకుని తిరుగుతారు.

భాష గురించి ఒక్క మాట. జావా భాషలో ఎదుటి మనిషిని బట్టి మాటలు మారిపోతాయి. "తిను" అనడానికి స్నేహితుడితో అయితే "మంగాన్", కొత్తవాళ్లతో తమ గురించి చెప్పుకునేటప్పుడు "నెద", పెద్దవాళ్ల గురించి అయితే "దహార్". మనకి తిను, భోంచెయ్యి, ఆరగించు ఉన్నట్టే. కాకపోతే మనం సరదాకి వాడేది వాళ్లు రోజూ తప్పకుండా పాటిస్తారు. అందులో మళ్లీ యాస గొడవ. యోగ్యకర్తవాళ్లు అన్నాన్ని "సెగో" అంటే, పడమటి బన్యుమాస్ వైపువాళ్లు "సెగ" అంటారు. ఆ యాస వింటే పట్నంవాళ్లకు నవ్వు. ఎవరి యాస అసలైనదన్న పోట్లాట మన దగ్గరే ఉందనుకున్నాను.

ఇప్పుడు చెప్పేది కొంచెం కష్టమైన విషయం. మొదట్లో నేల ఆశ పెడుతుందన్నాను కదా, ఆ నేల కింద ఏముందో చెప్పాలి.

దియెంగ్ మొత్తం ఒక అగ్నిపర్వత సముదాయం. పొగలు కక్కే గుంటలు చాలా ఉన్నాయి. సికిదాంగ్ అని ఒకటి. కిదాంగ్ అంటే దుప్పి, బుసలుకొట్టే చోటు దుప్పిలా ఒక దగ్గర్నుంచి ఇంకో దగ్గరికి గెంతుతుందని ఆ పేరు. అక్కడ గుంటలో కోడిగుడ్లు ఉడకబెట్టి అమ్ముతారు. సిలేరి అని ఇంకొకటి. మన సీలేరు గుర్తొచ్చి ఉలిక్కిపడ్డాను. వాళ్ల భాషలో "లేరి" అంటే బియ్యం కడిగిన నీళ్లు. ఆ గుంటలో నీళ్లు అచ్చం కడుగునీళ్ల రంగే. ఈ వేడితో కరెంటు కూడా తీస్తారు, 60 మెగావాట్ల కేంద్రం ఉంది. ఆవిరి మోసే లావుపాటి పైపులు ఆలుగడ్డ చేల మధ్య నుంచి కొండచిలువల్లా పోతుంటాయి. పిల్లలు వాటి కింది నుంచి దూరి బడికి వెళ్తారు.

1979 ఫిబ్రవరి 20. తెల్లవారకముందే సినిల అనే బిలం పేలింది. భూమి అదిరింది, బురద ఎగజిమ్మింది. దగ్గర్లో ఉన్న కెపుచుకాన్ అనే పల్లెవాళ్లు పిల్లల్ని ఎత్తుకుని బాతుర్ అనే ఊరి వైపు దారిపట్టి పరిగెత్తారు. ఎవరైనా అదే చేస్తారు. కానీ వాళ్లు పరిగెత్తిన దారిలోనే నేల పగుళ్ల నుంచి కార్బన్ డయాక్సైడ్ వచ్చి పరుచుకుని ఉంది. రంగు లేదు, వాసన లేదు. గాలికంటే బరువు గనక పల్లంలో నీళ్లలా నిలుస్తుంది. దారిలో నడుస్తూ నడుస్తూనే పడిపోయారు. 149 మంది. ఇంట్లో ఉండిపోయి ఉంటే ఎంతమంది బతికేవారో అన్న మాట ఇప్పటికీ పెద్దవాళ్లు అనుకుంటూ ఉంటారు. తరవాత ఆ పల్లెను ఖాళీ చేయించారు. ఊరు పోయింది, నేల ఉంది. నేల ఉంటే ఏమవుతుందో మీకు ఈపాటికి తెలిసిపోయి ఉంటుంది. ఆలుగడ్డ వేశారు. గాలి కదలని చల్లటి ఉదయాల్లో పల్లపు చేలలోకి దిగకూడదు, ఎండ ఎక్కి గాలి వీచాక వెళ్లాలి. ఇది అక్కడ వ్యవసాయంలో భాగం, మనం వానచూసి విత్తనం చల్లినట్టు.

అంతకుముందు ఇంకొకటి. 1955 ఏప్రిల్‌లో ఒక రాత్రి లెగెతాంగ్ అనే పల్లె మీద కొండచరియ విరిగిపడి పల్లె మొత్తం మట్టికింద పోయింది. ఇప్పుడు చేల మధ్య ఒక స్తంభం ఉంది, దాని మీద లెక్క రాసి ఉంది: ఊరివాళ్లు 332 మంది, వేరే ఊళ్లనుంచి వచ్చినవాళ్లు 19 మంది. కొండకీ పల్లెకీ మధ్య లోయ ఉంది. మట్టి లోయ దాటి ఎలా వచ్చిందన్నది జనానికి అంతుబట్టలేదు. దాంతో కథ పుట్టింది. లెగెతాంగ్‌వాళ్లు పంటలు బాగా పండి, డబ్బు ఎక్కువై, జూదాలకీ తప్పుడు పనులకీ అలవాటుపడ్డారట, అందుకే దేవుడు కొండ ఎత్తి వేశాడట. నాకు ఆ కథ చెప్పిన కుర్రవాడు చాలా నమ్మకంగా చెప్పాడు. నేను నమ్మను. చుట్టపుచూపుగా వచ్చిన ఆ 19 మంది ఏం పాపం చేశారు? బాగుపడ్డ రైతు మీద పడిన కొండకి కూడా రైతునే తప్పుపట్టే కథలు మన దగ్గరా తక్కువేం లేవు.

కాస్త నీళ్లు తాగి పిల్లల విషయానికొస్తాను.

దియెంగ్‌లో కొందరు పిల్లలకి జుట్టు జడలు కడుతుంది. పుట్టుకతో కాదు. ఏడాదో రెండేళ్లో నిండాక జ్వరం వస్తుంది, తగ్గుతుంది, మళ్లీ వస్తుంది, ఆ తరవాత జుట్టు అట్టలు కట్టి జడలవుతుంది. వాళ్లని "గింబాల్" పిల్లలంటారు. ఈ ప్రాంతపు మూలపురుషుడు క్యాయి కొలొదేతె జుట్టు అలాగే ఉండేదని, ఆయన అంశ ఈ పిల్లల్లోకి వస్తుందని నమ్మకం. ఇంట్లో ఆ పిల్లకి కాస్త ముద్దు ఎక్కువ, కొట్టరు, తిట్టరు. జడలు ఎప్పుడు తియ్యాలో పెద్దవాళ్లు నిర్ణయించకూడదు. పిల్లే అడగాలి. అడిగేటప్పుడు ఒక కోరిక కూడా కోరుతుంది. ఆ కోరిక తీర్చి తీరాలి, ఉన్నది ఉన్నట్టు, తగ్గించకుండా. తీర్చకపోతే మళ్లీ జ్వరం, మళ్లీ జడలు. ఒకరు మేకపిల్ల అడుగుతారు, ఒకరు సైకిల్, ఈ మధ్య ఫోన్లు కూడా అడుగుతున్నారట. అయితే నచ్చజెప్పి కోరిక మార్చడం నిషేధం. ఆలుగడ్డ ధర పడిపోయిన ఏడాది మూడేళ్ల పిల్ల ఏం కోరుతుందోనని తల్లిదండ్రులకి ఎంత టెన్షన్! అందుకే కొన్ని ఇళ్లలో ఆ తంతు ఏళ్ల తరబడి వాయిదా పడుతుంది.

తంతు చూడ్డానికి మన పుట్టువెంట్రుకలు తీయించడంలా ఉంటుంది. అభ్యంగనం, ఊరేగింపు, అర్జున గుడి ముందు పెద్దలు కత్తిరించడం. ముస్లిం కుటుంబపు పిల్ల, అరబ్బీ ప్రార్థన, శివుడి గుడి వాకిలి, జావా పూర్వీకుడి జుట్టు. ఇందులో ఏది ఏ మతానిది అని అడిగితే ఊళ్లోవాళ్లు నా మొహం వింతగా చూశారు. కత్తిరించిన జుట్టుని తెల్లగుడ్డలో చుట్టి నీళ్లలో వదులుతారు. తెలాగా వర్ణ అనే రంగుల చెరువులో గానీ, సెరాయులో గానీ. చివరికి సముద్రం చేరాలని. 2010 నుంచి దీన్ని ఏటా పండగగా చేస్తున్నారు, ఊరి కుర్రాళ్ల పర్యాటక బృందమే మొదలుపెట్టింది. ఆ బృందం పేరు దియెంగ్ పాండవ. ఇప్పుడు సంగీత కచేరీలు, దీపాలు ఎగరేయడం, టికెట్లు, జనం. దేశం నలుమూలల నుంచీ వస్తారు. ఇళ్లన్నీ హోంస్టేలయ్యాయి. పంట పోయిన ఏడాది గదుల అద్దె ఆదుకుంటుందని నేను బస చేసిన ఇంటావిడ చెప్పింది. ఆవిడ మనవరాలికి కూడా జడలున్నాయి. ఇంకా అడగలేదు. ఏం అడుగుతుందో చెప్పమని నేను బుజ్జగిస్తే, ఆ పిల్ల నా కళ్లజోడు లాక్కుని పారిపోయింది. అదే అడిగితే ఇచ్చి రావాల్సొచ్చేది.

ప్రశ్నలకి టైం ఇవ్వాలని వెనకనుంచి సైగ చేస్తున్నారు. ఒక్క ఫొటో చూపించి ఆపేస్తాను. లైటు కొంచెం ఆర్పండి బాబూ.

ఇది నేను బయల్దేరిన రోజు తెల్లవారుజామున తీసింది. జులై, ఆగస్టుల్లో అక్కడ కొన్ని రాత్రులు చలి సున్నా కిందికి దిగుతుంది. పొద్దున్నే గడ్డి మీద, ఆకుల మీద తెల్లగా పేరుకుంటుంది. భూమధ్యరేఖకి అంత దగ్గర్లో మంచు! దాన్ని వాళ్లు "బున్ ఉపాస్" అంటారు. బున్ అంటే మంచుబిందువు, ఉపాస్ అంటే విషం. ఎండ తగిలేసరికి ఆలుగడ్డ ఆకు నల్లగా మాడిపోతుంది. ఎడమవైపు గుడి ముందు మోకాళ్ల మీద కూర్చుని అరచేతిలో మంచు పట్టుకుని ఫొటోలు దిగుతున్నవాళ్లు జకార్తా నుంచి రాత్రంతా ప్రయాణం చేసి వచ్చారు. కుడివైపు గట్టు దాటి, సరిగ్గా కనిపించడం లేదు, ఆ లుంగీ కప్పుకున్న ఆయన ఉన్నాడు చూడండి, నాకు దుంప పీకి చూపించిన మనిషి. పైపు పట్టుకుని ఎండ రాకముందే ఒక్కో మొక్కకీ నీళ్లు కొట్టి మంచు కడిగేస్తున్నాడు.